ఆ రిపోర్టు ఎవరిది?

మా అత్తయ్యగారి బీరువాలో పట్టుచీరల అడుగున ఒక కవరు ఉండేది. మూడేళ్ల కిందట మా తోడికోడలికి థైరాయిడ్ ఆపరేషన్ అయినప్పుడు వచ్చిన బయాప్సీ రిపోర్టు అది. ఆవిడ నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, అక్కా అని పిలుస్తాను. ఇదంతా రాయమని అక్కే చెప్పింది. లేకపోతే రాసేదాన్ని కాదు.

మెడ దగ్గర చిన్న గడ్డ. మొదట సూది పరీక్ష చేసి "అనుమానంగా ఉంది" అన్నారు. సగం గ్రంథి తీశారు. పది రోజులకి బయాప్సీ వచ్చింది: మెడ్యులరీ కార్సినోమా. మళ్లీ తీసుకెళ్లి మిగతా సగం కూడా తీశారు. అప్పటికి ఇంట్లో అందరం అనుకున్నదొక్కటే, థైరాయిడ్ క్యాన్సరే కదా, మంచి రకం క్యాన్సరట, పక్కవీధి టీచరుగారికి కూడా వచ్చి తగ్గిపోలేదూ అని. డిశ్చార్జి రోజున డాక్టరుగారు బావగారిని పక్కకి పిలిచి, ఈ రకం కుటుంబంలో రావచ్చు, ముందు ఆమెకి రక్తపరీక్ష చేయించి, అందులో తేలితే పిల్లలిద్దరికీ, ఆమె తోబుట్టువులకీ కూడా చేయించండి అని చెప్పారు. బావగారు ఇంటికొచ్చి అత్తయ్యగారికి చెప్పారు. అత్తయ్యగారు కవరు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

పెద్దమ్మాయికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు మరి.

ఈ విషయంలో నేను అత్తయ్యగారిని తిట్టిపోయడానికి కూర్చోలేదు. ఆవిడ చెల్లెలి కూతురికి ఫిట్స్ ఉన్నాయని ఎవరో చెవిలో వేస్తే, నిశ్చితార్థం అయిన సంబంధం వెనక్కిపోయింది. అది ఆవిడ కళ్లారా చూశారు. ఆ పిల్లకి మళ్లీ పెళ్లి కుదరడానికి ఆరేళ్లు పట్టింది. "నిజం చెప్పినవాళ్లకి ఏం మిగిలింది?" అని ఆవిడ అడిగితే నా దగ్గర చటుక్కున చెప్పే జవాబు లేకపోయింది. కానీ ఏడాదిపాటు ఆ కవరు బీరువాలో ఉండటం తప్పే. ఆ మాట ఇప్పుడు ఆవిడ ముందు కూడా అంటాను.

నేను సైన్సు చదివినదాన్ని కాదు, బీకాం. కానీ ఆ "మెడ్యులరీ" అన్న మాట నన్ను పట్టుకుంది. రాత్రిళ్లు వంటిల్లు సర్దుకున్నాక మా అబ్బాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వెతికేదాన్ని. వెతికినకొద్దీ ఒక పేరు మళ్లీ మళ్లీ ఎదురైంది. డిల్విన్ విలియమ్స్. వేల్స్ దేశస్థుడు, పాథాలజిస్టు. అంటే రోగిని కాకుండా, రోగి ఒంట్లోంచి తీసిన ముక్కని చూసే డాక్టరు. మనం ఆస్పత్రిలో ఎన్నడూ ముఖం చూడని డాక్టరు. సర్జనుగారికి దణ్ణం పెడతాం, నర్సమ్మకి స్వీటు ప్యాకెట్టు ఇస్తాం. ఎక్కడో లోపలి గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చుని మన జాతకం రాసినవారికి థాంక్స్ చెప్పిన పాపాన పోం.

1959లో అమెరికాలో క్లీవ్‌లాండ్ డాక్టర్లు, థైరాయిడ్ క్యాన్సర్లలో ఇదొకటి వేరే రకం అని గుర్తించి మెడ్యులరీ అని పేరు పెట్టారు. 1961లో సిపుల్ అనే మరో డాక్టరు, థైరాయిడ్ క్యాన్సరూ, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్లో ఒక రకం గడ్డా ఒకే మనిషిలో కలిసి రావడం మామూలుగా జరగాల్సినదానికంటే చాలా ఎక్కువగా ఉందని రాశాడు. విలియమ్స్ ఏం చేశాడంటే, అలా రెండూ ఉన్న 17 మంది కేసుల్ని పోగేసి చూశాడు. ఆ థైరాయిడ్ క్యాన్సర్లు ఏవో కావు, ఈ మెడ్యులరీ రకమేనని 1965లో తేల్చాడు. మరుసటి ఏడాది ఇంకో మాట చెప్పాడు. ఇది థైరాయిడ్ హార్మోను తయారుచేసే కణాల నుంచి రాదు, వాటి మధ్య అక్కడక్కడా ఉండే వేరే కణాల నుంచి వస్తుంది అని. వాటినే ఇప్పుడు సీ కణాలంటున్నారు. అవి తయారుచేసే హార్మోను పేరు కాల్సిటోనిన్. అక్కకి ఇప్పుడు ఆరునెలలకోసారి చేసే రక్తపరీక్ష దానిదే.

ఈ ఒక్క వివరం మా ఇంట్లో ఎంత పనికొచ్చిందో చెప్పాలి. "థైరాయిడ్ క్యాన్సరైతే అయోడిన్ మందు తాగిస్తే చాలట" అని చుట్టాలు ధైర్యం చెప్పేవారు. మామూలు రకానికి ఆ మందు పనిచేస్తుంది, ఎందుకంటే ఆ కణాలు అయోడిన్‌ని లాక్కుంటాయి. సీ కణాలకి ఆ అలవాటే లేదు. కాబట్టి అక్కకి అది పనికిరాదు. దీనికి సరైన మందు ఏదంటే, పాకకముందే కత్తితో తీసేయడం. పాకకముందే అంటే ఎప్పుడు? అదే అసలు ప్రశ్న.

1966లోనే విలియమ్స్, పొలాక్ అనే ఇంకో డాక్టరుతో కలిసి రాసినది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. కొందరిలో ఈ థైరాయిడ్, అడ్రినల్ గడ్డలతో పాటు పెదవుల మీదా నాలుక మీదా చిన్న చిన్న బొడిపెలు ఉన్నాయి. నరాల నుంచి పుట్టిన బొడిపెలు. ఇవన్నీ వేర్వేరు జబ్బులు కావు, ఒకే చెట్టు కొమ్మలు అని వాళ్లు గుర్తించారు. ఇప్పుడు దానికి ఎమ్ఈఎన్ 2బి అని పేరు. ఆ పిల్లలకి పుట్టుకతోనే గుర్తులుంటాయి. ఏడిస్తే కన్నీళ్లు రావు. పసితనం నుంచీ మలబద్ధకం. పెదవులు లావుగా ఉంటాయి, కాళ్లూ చేతులూ సన్నగా పొడుగ్గా సాగుతాయి. మనింట్లో ఏమంటాం? "వీడికి కన్నీళ్లే రావు, మొండిఘటం" అని నవ్వుకుంటాం. ఆముదం పట్టిస్తాం. కన్నీళ్లు రాని పిల్లలందరికీ ఇది ఉంటుందని కాదు, దయచేసి భయపడకండి, ఇది చాలా అరుదు. కానీ ఈ గుర్తులు కలిసి ఉంటే పిల్లల డాక్టరుకి చూపించాల్సిన సంగతి.

స్లైడు చూసి ఇది ఫలానా గడ్డ అని రాసి సంతకం పెట్టేస్తే ఆయన ఉద్యోగం అయిపోయేది. ఆ మనిషి నాలుక ఎలా ఉంది, ఇంకే గ్రంథిలో ఏముంది, ఇలాంటివాళ్లు ఇంకెవరున్నారు అని వెళ్లడం వల్లనే ఇదంతా బయటపడింది. ఆయన తర్వాత కూడా అలాగే ఉన్నాడు. చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగిన ఆరేళ్లకి, 1992లో, బెలారస్‌లో పిల్లలకి థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగాయని అక్కడి డాక్టర్లు చెబితే చాలామంది పెద్దలు నమ్మలేదు. అక్కడికి వెళ్లి నిజమేనని సాక్ష్యం చెప్పిన బృందంలో ఈయనా ఉన్నాడు.

ఇక జన్యువు సంగతి. 1993లో దీని మూలం దొరికింది. రెట్ అనే జన్యువు. అది పిండంలో కణాలకి "ఎదగండి, కదలండి" అని చెప్పే తలుపు గంటలాంటిది. ఎవరైనా నొక్కితేనే మోగాలి. అందులో ఒక అక్షరం తప్పితే ఎవరూ నొక్కకుండానే మోగుతూ ఉంటుంది, అప్పుడు గడ్డలొస్తాయి. వింతేమిటంటే అదే గంట అసలు మోగకపోతే ఇంకో జబ్బు. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు పేగు చివరిదాకా ప్రయాణం చేయాల్సిన నరాల కణాలు మధ్యలోనే ఆగిపోతాయి. బిడ్డ పుట్టాక రెండు రోజులైనా నల్లటి మలం పోదు, పొట్ట ఉబ్బిపోతుంది. హిర్ష్‌స్ప్రంగ్ అంటారు, సుమారు 5,000 మందిలో ఒకరికి వచ్చే పుట్టుకలోపం. దానికీ రెట్‌కీ సంబంధం ఉందని 1994లో తేలింది. ఒకే జన్యువులో ఇటు తప్పితే పసిబిడ్డ పేగు, అటు తప్పితే నలభై ఏళ్ల తల్లి గొంతు. కొన్ని కుటుంబాల్లో రెండూ కనబడతాయట. కాన్పు గదిలో కూర్చున్న అమ్మమ్మ, "దీని మేనమామకీ పుట్టినప్పుడు ఇలాగే పొట్ట కోసి పేగు సరిచేశారు" అంటే, అది కాలక్షేపం కబురు కాదు.

ఇదంతా చదివాక ఒక మధ్యాహ్నం అక్కని కూర్చోబెట్టి మెల్లగా అడిగాను. అమ్మ ఎలా పోయింది అని. అక్క ఇంటర్ చదివేటప్పుడే వాళ్లమ్మ పోయింది. "గొంతులో గడ్డ ఉండేది, విరేచనాలు తగ్గేవి కావు, ఎన్ని పసర్లు తాగించారో" అంది. మెడ్యులరీ ముదిరితే విరేచనాలు పట్టుకుంటాయి, నేను అంతకు ముందు రాత్రే చదివాను. ఇంకెవరైనా? "మా మేనమామ హెర్నియా ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. బీపీ ఒక్కసారి ఆకాశానికి వెళ్లిందన్నారు. మత్తు ఎక్కువిచ్చి చంపేశారని మావాళ్లు ఆస్పత్రి మీద గొడవ చేశారు." ఆయనకి అడ్రినల్ గడ్డ ఉండేదో లేదో ఇప్పుడు చెప్పేవాళ్లెవరూ లేరు. కానీ ఆ గడ్డ ఉందని తెలియకుండా ఆపరేషన్‌కి తీసుకెళ్తే జరిగేది సరిగ్గా అదే. అందుకే ఈ కుటుంబాలవాళ్లకి ఏ కోతకైనా ముందు అడ్రినల్ పరీక్ష చేస్తారు.

అమ్మా, మేనమామా, ఇప్పుడు తను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి అత్తయ్యగారిని బీరువా తాళం అడిగింది. పాతికేళ్ల కాపురంలో అత్తగారిని తాళం అడగడం నేను అదే మొదటిసారి చూశాను.

అక్క రక్తపరీక్షలో రెట్ తప్పు ఉందని తేలింది. మన పెద్దవాళ్లకి ఏ వంశపు జబ్బు విన్నా మేనరికమే గుర్తొస్తుంది. "మేం బయటి సంబంధం చేసుకున్నాం, మాకెందుకొస్తుంది?" అన్నారు అత్తయ్యగారు. మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరు. అక్కడ తల్లి నుంచి ఒక లోపం, తండ్రి నుంచి అదే లోపం, రెండూ కలిస్తేనే జబ్బు. ఇది అలా కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. బొమ్మా బొరుసూ. ఆడా మగా తేడా లేదు.

ఇక్కడ ఒక మాట. ఈ వ్యాసం చదివి థైరాయిడ్ మాత్ర వేసుకునే ప్రతి ఆవిడా కంగారు పడకూడదు. మాత్ర వేసుకోవడానికీ దీనికీ సంబంధం లేదు. గొంతులో కనబడే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్లే కావు. క్యాన్సర్లలో కూడా మెడ్యులరీ నూటికి అయిదులోపే, అందులో వంశపారంపర్యం సుమారు నాలుగో వంతు. 1985లో ఫిన్లండ్ పాథాలజిస్టులు వేరే వేరే కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడ్లని సన్నగా కోసి చూస్తే 36 మందిలో చిన్న చిన్న పాపిల్లరీ క్యాన్సర్లు కనబడ్డాయి. బతికుండగా వాటితో ఏ బాధా లేదు వాళ్లకి. కాబట్టి అందరూ పొలోమని స్కానింగులకి పరిగెత్తమని నేను అనడం లేదు. హెల్త్ ప్యాకేజీల పేరుతో ఇళ్లకి ఫోన్లు చేసేవాళ్లంటే నాకు మంట కూడా. నేననేది ఒక్కటే, రిపోర్టులో మెడ్యులరీ అని ఉంటే ఆ కాగితం ఆ మనిషిది ఒక్కరిదే కాదు. రక్తం పంచుకున్న అందరిదీ. దాన్ని దాచే హక్కు అత్తగారికీ లేదు, మొగుడికీ లేదు, ఆఖరికి రోగికి కూడా పూర్తిగా ఉందనుకోను. ఊరందరికీ చాటమని కాదు. పెళ్లిళ్ల పేరయ్యకి చెప్పక్కర్లేదు. అక్కచెల్లెళ్లకీ అన్నదమ్ములకీ పిల్లలకీ చెప్పి తీరాలి.

పెళ్లి సంగతేమిటంటారా. పెద్దమ్మాయే తేల్చేసింది. "పిన్నీ, నా ఒంట్లో ఏముందో నాకు చెప్పకుండా నాకు పెళ్లెలా చేస్తారు?" అని నాతోనే ఫోన్లో గొడవపడింది. అప్పుడు తనకి ఇరవై రెండు. మర్నాడు వాళ్ల నాన్నని తీసుకుని రక్తం ఇచ్చి వచ్చింది. ఫలితానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అమ్మాయికి లేదు. అత్తయ్యగారు పూజగదిలోకెళ్లి తలుపేసుకుని ఏడ్చారు.

చిన్నాడికి ఉంది. వాడికి పదకొండేళ్లు.

వాడికున్న రకం తప్పుకి అయిదేళ్ల లోపే ఆపరేషన్ చేసేయమని డాక్టర్లు పాటించే సూచనలు చెబుతున్నాయి. 2బి రకానికైతే మొదటి పుట్టినరోజు లోపే. అంటే మేం కవరు దాచినా దాచకపోయినా వాడి విషయంలో ఆరేళ్లు ఆలస్యం అప్పటికే జరిగిపోయింది. అందులో అత్తయ్యగారి ఏడాది ఒక్కటే మా తప్పు. మిగతాది ఎవరి తప్పూ కాదేమో, అమ్మమ్మ ఎలా పోయిందని ఎవరూ అడగకపోవడం తప్ప. వేసవి సెలవుల్లో చేయించారు. ముందు అడ్రినల్ చూశారు, బాగుంది. తీసిన గ్రంథి మళ్లీ పాథాలజిస్టు దగ్గరికెళ్లింది. రెండు మిల్లీమీటర్ల క్యాన్సరు ఒకటి, కుడివైపు. బయటికి పాకలేదు. గడ్డ చేతికి తగిలేదాకా ఆగుంటే ఏమై ఉండేదో, ఆ రిపోర్టు చదువుతూ బావగారు లెక్కలు వేసుకుంటుంటే నేనే ఆపాను.

ఇప్పుడు వాడు రోజూ పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుని అరగంట ఆగి పాలు తాగుతాడు. ఆ అరగంట ఆకలి ఆకలి అని ఇల్లు పీకి పందిరి వేస్తాడు. మెడ మీద గీత చూసి బళ్లో ఎవరో అడిగితే పులి గీరిందని చెప్పాడట. పెద్దమ్మాయికి మొన్న మాఘంలో పెళ్లయింది. అబ్బాయి వాళ్లకి అన్నీ ముందే చెప్పాం. ఒక సంబంధం వెనక్కిపోయింది కూడా, ఆ సంగతి దాచను. పిల్లకి లేదని కాగితం చూపించినా "ఎందుకొచ్చిన గొడవ" అనుకున్నారు వాళ్లు. రెండో సంబంధంలో పెళ్లికొడుకు తల్లి కాగితం చూసి, "మా ఇంట్లో షుగరుంది, మేమూ చెప్పాలిగా" అంది. అత్తయ్యగారి భయం పూర్తిగా తప్పూ కాలేదు, పూర్తిగా నిజమూ కాలేదు.

ఇక మిగిలింది అక్క తమ్ముడు. బెంగుళూరులో ఉంటాడు. అతనికి నాలుగేళ్ల బాబు. అక్క ఫోన్ చేసి చెబితే, "నాకేం లేదు, నన్ను అనవసరంగా భయపెట్టకు" అని పెట్టేశాడు. తర్వాత రెండుసార్లు ఫోన్ ఎత్తలేదు. పెళ్లికి వచ్చాడు, భోంచేశాడు, ఆ మాట వస్తుందేమోనని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. అతని భార్యకి అసలు సంగతి తెలుసో లేదో మాకు తెలియదు. బొమ్మా బొరుసే కదా, అతనికి లేకపోతే బాబుకీ భయం లేదు, ఒక్క పరీక్షతో తేలిపోతుంది. కానీ బాబుకి వచ్చే శ్రావణానికి అయిదు నిండుతాయి.

నిన్న అక్కా నేనూ కూర్చుని అక్క రిపోర్టూ, చిన్నాడి రిపోర్టూ జిరాక్సులు తీయించాం. జన్యు పరీక్ష కాగితం కూడా జత చేశాం. అక్క తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాసింది, అమ్మ గురించీ మేనమామ గురించీ తనకి గుర్తున్నదంతా. కవరు మీద తమ్ముడి పేరు కాదు, మరదలి పేరు రాశాం. ఇవాళ మధ్యాహ్నం పోస్టాఫీసుకి వెళ్లి రిజిస్టర్ చేసి వచ్చాను, రసీదు అక్క చేతికిచ్చాను.